ముందుకొచ్చి నిలబడే పాఠం

తొంభైలలో పటాన్‌చెరు పక్కన ఒక సర్కారు జూనియర్ కాలేజీలో నేను సివిక్స్ చెప్పేవాణ్ణి. అక్కడి గాలి ఎంత చిక్కగా ఉండేదంటే, కిటికీ తెరిస్తే లోపలికి రావడానికి అది భుజాలు వంచుకోవాల్సి వచ్చేది. కాలేజీ బోరు నీళ్లు టీ డికాషన్ రంగులో పడేవి. చక్కెర కలిపి అమ్మితే సంగారెడ్డి బస్టాండులో రెండు హోటళ్లు మూతపడేవి.

ఇలాంటి చోట విద్యార్థుల్లో నాయకత్వం పెంచాలని పక్క మందుల ఫ్యాక్టరీ మేనేజరుకు బుద్ధి పుట్టింది. ఆయన కారు ముందు చక్రాలు మా గేటు దాటేసరికి వెనక చక్రాలు ఇంకా హైవే మీదే ఉండేవి. అంత పెద్దమనిషి అడిగితే కాదంటామా? ప్రిన్సిపాల్ నన్ను పిలిచాడు.

“సారూ, లీడర్‌షిప్ కోర్సు ఒకటి తయారు చెయ్యిండ్రి. పిలగాండ్లు లీడర్లు కావాలె. గానీ జెర సూసుకోండ్రి, మరీ ఎక్కువ కావొద్దు.”

పార్లమెంటు దద్దరిల్లే స్థాయిలో కోర్సు రాశాను. మొదటి పాఠం: ముందుకొచ్చి నిలబడటం. రెండోది: ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడటం. మూడోది: తన కోసం కాదు, అందరి కోసం అడగటం. తొలిరోజు “ముందుకెవరొస్తారు?” అన్నానో లేదో, క్లాసు మొత్తం బెంచీలతో సహా వెనక్కి జరిగింది. గోడ అడ్డం రాకపోతే పక్కూరు లక్డారం దాకా పోయేవాళ్లు.

కారణం తర్వాత తెలిసింది. వాళ్ల నాన్నల్లో చాలామంది అదే ఫ్యాక్టరీలో రోజుకూలీలు. పొద్దున్నే గేటు ముందు నిలబడితే కాంట్రాక్టరు తరఫున కూలీలను ఏరే జమేదారు వేలు చూపిస్తాడు. వేలు పడినవాడు లోపలికి, పడనివాడు ఇంటికి. ముందుకు తోసుకొచ్చినవాడు తగాదాకోరు, కళ్లలోకి చూసినవాడు పొగరుబోతు. రెండో వరసలో నిలబడు, కాళ్ల వంక చూడు అని ఆ ఇళ్లల్లో పిల్లలకు మాటలతో పాటే నేర్పేవాళ్లు.

ఒక్క అమ్మాయి మాత్రం ముందుకొచ్చింది. లక్డారం పిల్ల. హాజరు పలికితే పైకప్పు మీది కాకులు కాపురం ఎత్తేసేంత గొంతు. క్లాసు ఆమెనే లీడరుగా ఎన్నుకుంది. వాళ్ల నాన్న కూడా ఆ గేటు ముందు నిలబడేవాడే.

కోర్సు ముగింపు సభకు షామియానా వేశారు. మేనేజరు మెడలో పడ్డ దండలకు ఆయన ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. ఆ పిల్ల వందన సమర్పణ చేయాలి. లేచేముందు పక్కనున్న స్నేహితురాలు కొంగు లాగింది.

“ఏమే, నీళ్ల సంగతి అడుగుతవా ఏంది? మీ బాపు పని ఆడనే గదనే!”

“అందరి కోసం అడగాలన్నరు గద సారు. ఇడువు.”

మైకు ముందు నిలబడి అంది: “సార్, మా కాలేజీ నీళ్లు తాగనీకె వస్తలేవు. మీ మంచినీళ్ల ట్యాంకరు రోజూ మా గేటు ముంగట్నుంచే పోతది. జెరసేపు ఆపుమని చెప్పుండ్రి.”

అంతే. నీళ్లు ఎవరు పాడుచేశారని కూడా అనలేదు. అందరికంటే ముందు మేనేజరే చప్పట్లు కొట్టాడు. “బహుత్ అచ్ఛా! ఇలాంటి లీడర్లే కావాలి!”

మర్నాడు ట్యాంకరు మా గేటు ముందు నుంచి ఆగకుండా పోయింది. జమేదారు వేలు వాళ్ల నాన్న మీద పడలేదు. ఆ తర్వాత కూడా పడలేదు. ఒక పొద్దున ఆయన స్టాఫ్‌రూమ్ గడప బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు.

“సారూ, నా బిడ్డకు ముంగటికొచ్చి నిలవడుడు మంచిగ నేర్పిన్రు. ఇగ ఎనక్కి పోవుడు గూడ నేర్పుండ్రి. ఇంట్ల పొయ్యి ఎలుగుతలేదు.”

మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. బిస్కెట్లు పెట్టి, గేటు సంగతి కాంట్రాక్టరుకే తెలుసన్నాడు. కాంట్రాక్టరు జమేదారుకే తెలుసన్నాడు. జమేదారు తన వేలిని తనే వింతగా చూసుకున్నాడు. “నాదేముంది సారూ, పైకెల్లి ఇషారా రావాలె.” మొత్తం ఫ్యాక్టరీలో ఎవరి మాటా వినని స్వతంత్ర జీవి ఆ వేలొక్కటే.

ప్రిన్సిపాల్ దారి కనిపెట్టాడు. కోర్సు రెండో విడత ప్రారంభ సభలో ఆ పిల్ల మళ్లీ మాట్లాడుతుంది. “మాఫీ అనే మాటొద్దు బిడ్డా. నీళ్లు మంచిగున్నయని, సార్లకు థ్యాంక్సని చెప్పు. సాలు.”

చెప్పింది. తడబడలేదు, తల దించలేదు. ఆ డికాషన్‌ను కొబ్బరినీళ్లని అన్నా నమ్మేంత స్పష్టంగా చెప్పింది. నా కోర్సు మొత్తంలో అంత గొప్ప ఉపన్యాసం ఇంకొకటి లేదు. మర్నాడు వేలు వాళ్ల నాన్న మీద పడింది. నాకు శాలువా కప్పారు. అది కప్పుకుంటే మంచం కోళ్లు విరిగేంత బరువు.

ఆ వారమే రెండో విడతకు లీడరును ఎన్నుకోవాలి. పేర్లు చెప్పమన్నాను. అందరికంటే ముందు ఆ పిల్లే లేచింది. చివరి బెంచీలో, ఇన్ని రోజుల్లో నేను గొంతే వినని కుర్రాడి పేరు చెప్పింది. వాడు కాళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు.

“వీడేనా? ఎందుకమ్మా?”

“వీడు లీడరైతే ఎవ్వరి బాపుకూ పని పోదు సార్.”

నేను ఏదో అనేలోపే క్లాసులో చేతులన్నీ లేచాయి.