సర్పంచ్ సారు గ్రౌండు

సూర్యాపేట బస్సు మిర్యాలగూడ పొలిమేరకు చేరగానే రైస్‌మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి గుప్పున కొడుతుంది. పక్కసీటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే నాకు కోపం వస్తుంది. ఆ వాసనలోనే పెరిగి, ఆ వాసనలోనే బంతి తన్నినదాన్ని మరి.

మా ఊరు వేములపల్లి దగ్గర. హైదరాబాదులో పెద్ద జట్టుకు ఫుట్‌బాల్ ఆడి, మోకాలు చెడి తిరిగొచ్చిన శంకరయ్య సారు, మగపిల్లలంతా క్రికెట్ వెంట పడ్డారని ఆడపిల్లలమైన మమ్మల్ని పోగుచేశాడు. నాట్లకు ముందు నీళ్లు పెట్టి దున్నిన తన సొంత మడిలో, మోకాళ్లదాకా దిగబడే బురదలో, జలగలు పట్టాయని ఏడ్చినా వినకుండా ఉరికించేవాడు. సాయంత్రం బడి వెనక గ్రౌండులో ఆట. దసరా సెలవుల్లో కోదాడ పోటీలకు వెళ్తే, ఆట మధ్యలో అవతలివాళ్లు నారింజ తొనలు తింటుంటే మేం రొట్టె, బెల్లం కలిపి బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు మింగేవాళ్లం. మొదటిసారి వెళ్లినప్పుడు, బురదకాళ్లవాళ్లు వచ్చారని కోదాడ పిల్లలు నవ్వారు. గట్టినేల దొరికేసరికి మా కాళ్లు ఆగలేదు, ఆ నవ్వు రెండు గోల్స్‌తో ఆగింది.

నేను ఎనిమిదిలో ఉండగా సారు సర్పంచ్ అయ్యాడు. ఇక గ్రౌండుకు ఢోకా లేదని మురిసిపోయాం. మొదటి గ్రామసభలోనే రైతులు ఆ గ్రౌండే అడిగారు, వడ్లు ఆరబోయడానికి సిమెంటు కల్లం వేయాలని. వాళ్లదీ తప్పు కాదు. రోడ్డు మీద పోసిన వడ్లు ఏటా వానకు తడిసి మొలకలెత్తేవి, మా నాన్నవి కూడా. అందరి తరఫునా లేచింది సారు సొంత అన్న నర్సయ్య.

"ఈ ఆడపిల్లలు పెండ్లిళ్లయి ఎల్లిపోతరు తమ్మీ. వడ్లు ఏటేటా వస్తయి."

గోడవారగా నిలబడ్డ మా పదకొండుమంది తలలూ వాలిపోయాయి. సారు లేచి మా వైపు చూశాడు.

"పోయేటోళ్లే అన్నా. పోయేదాంక ఉరకనియ్యి. కల్లానికి నా మడి రాసిస్త."

అన్నట్టే రాసిచ్చాడు, రోడ్డు పక్కన మేం ఉరికిన ఆ మడినే. కల్లం పడింది, వడ్లు ఎండాయి, అయినా తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. పదవంతా ఆడపిల్లల బంతి వెనకే పోయిందన్నారు. ఆ మాట అన్నవాళ్ల వడ్లు ఆ కల్లంలోనే ఆరాయని నాకు ఇప్పటికీ మంట. ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున, సారు రాడనుకుంటూనే వెళ్లాం. మాకంటే ముందే వచ్చి సున్నంతో గీతలు గీస్తున్నాడు. ఆలస్యంగా వచ్చామని, డిగ్రీలో చేరిన నన్ను కూడా వదలకుండా, పది చుట్లు ఉరికించాడు.

సారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కోసిన వడ్లు కోసినట్టే మిల్లుకు పోతున్నాయి, కల్లం మీద గింజ కనబడదు. మా పదకొండుమందిలో ఊళ్లో ఒక్కరూ లేరు. మొన్న గ్రౌండుకు వెళ్తే ఆడపిల్లలు ఆడుతున్నారు. శంకరయ్య సారు తెలుసా అంటే తెలియదన్నారు. మనసు చివుక్కుమంది. గీత మీద నిలబడి ఆయన గురించి చెప్పబోతుంటే, ఒక పిల్ల బంతితో ఉరికొస్తూ కసిరింది.

"అక్కా, అడ్డమున్నవ్. జర జరుగు."

జరిగాను.