ఆడవాళ్ల వరుసలో నిచ్చెన

తోటి పెయింటర్లు అతన్ని నిచ్చెన అని పిలిచేవారు. పొడగరి. అందరూ స్టూలెక్కి వేసే చోట అతను నేలమీదే నిలబడి బ్రష్ ఆడించేవాడు. ఒళ్లు వెచ్చబడినా పని మానేవాడు కాదు. "గోడకి నా జ్వరంతో పనేంటి?" అనేవాడు. భార్య డ్రైక్లీనింగ్ షాపులో మరకలు వదిలించి ఇస్త్రీ చేసేది.

ఒక సెలవురోజు పొద్దున ఆమె బనియన్లు నానబెడుతూ ఒకదాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. ఛాతీకి కుడివైపు చిన్న మరక.

"ఏవండీ, ఈ వారమంతా ఏ రంగు వేశారు?"

"ఆకుపచ్చ. స్కూలు గోడలు. ఏం?"

"మరి ఈ ఎర్రటిదేంటి?"

"రెడాక్సైడ్ అయ్యుంటుంది. కిటికీ ఊచలకి కొట్టాం."

"రెడాక్సైడ్ ఇలా నీళ్లలో వదలదు. పైగా మరక లోపలివైపే ముదురుగా ఉంది. ఇది రక్తం. చొక్కా విప్పండి."

"పొద్దున్నే ఇదేం గోలే?"

"మీరు విప్పుతారా, నన్ను విప్పమంటారా?"

విప్పాడు. కుడి చనుమొన ఎవరో లోపల్నుంచి దారం కట్టి లాగినట్టు గుంటపడి ఉంది. ఆమె వేలు పెట్టి చూసింది. పక్కనే గట్టిగా, గులకరాయిలా తగిలింది.

"నొప్పా?"

"నొప్పుంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి కదా."

అనేసి నాలుక్కరుచుకున్నాడు.

చలికాలం నుంచీ అతనికి తెలుసు. స్నానంలో సబ్బు రుద్దుకుంటుంటే గడ్డ చేతికి తగిలింది. మందుల షాపతన్ని అడిగితే, "వయసు పైబడితే కొందరు మగవాళ్లకీ అక్కడ కాస్త పెరుగుతుందిలే" అన్నాడు. ఆ మాటనే పట్టుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు. అతని అక్కకి ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఎడమ రొమ్ము తీసేశారు. ఆ వార్డు బయట కూర్చుని ఫ్లాస్కులు మోసింది ఇతనే. అయినా అది ఆడవాళ్ల జబ్బు, మనకెందుకొస్తుందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

భార్య ఫోన్ చేయగానే అక్క తల కూడా దువ్వుకోకుండా వచ్చింది. ఆమె నోరు ఊరుకోదు, చావు ఇంట్లో కూడా ఎవరో ఒకర్ని నవ్వించే రకం. వేళ్లు చదునుగా ఆనించి తమ్ముడి ఛాతీ తడిమింది, చంకలో తడిమింది.

"పద" అంది. అంతే.

అక్క నోట జోకు రాకపోయేసరికి అతను గబగబా చొక్కా తొడుక్కుని చెప్పులు వేసుకున్నాడు.

ఆస్పత్రి వరండాలో బెంచీల నిండా ఆడవాళ్లే. అతను వాళ్లకి వీపు పెట్టి, గోడమీద పెచ్చులూడిన చోటు చూస్తూ నిలబడ్డాడు. అటెండరు తలుపు తీసి భార్యని రమ్మంది. "సార్, మీరు బయటే ఉండండి. లోపల లేడీస్ ఉంటారు."

"పేషెంట్ ఈయనే" అంది భార్య.

వరండాలో తలలన్నీ అతనివైపు తిరిగాయి. అప్పుడు నోరు తెరిచింది అక్క. "ఏం, మగాళ్లకి ఛాతీ ఉండదా? బాదుకోడానికి మాత్రమే ఇచ్చాడనుకున్నారా దేవుడు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అతనికి మాత్రం అక్కడికక్కడే నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

సర్జన్ పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చాలాసేపు పరీక్షించింది. "మందుల షాపతను చెప్పింది ఉత్త అబద్ధం కాదు. మగవాళ్లకీ రొమ్ము కణజాలం కొంచెం ఉంటుంది, అది పెరగొచ్చు. కానీ అలా పెరిగింది మెత్తగా, చనుమొన చుట్టూ సమంగా ఉంటుంది. నొక్కితే నొప్పి కూడా ఉండొచ్చు. మీది గట్టిగా, ఒక పక్కకి ఉంది. చర్మాన్ని లోపలికి లాగుతోంది. సూదితో ముక్క తీసి చూద్దాం."

రిపోర్టు కోసం వారం ఆగమన్నారు. ఆ వారంలో అతను ఒకే గోడకి రంగు వేసిందే వేస్తుంటే మేస్త్రి వచ్చి చేతిలోంచి బ్రష్ లాక్కున్నాడు. షాపులో భార్య ఎవరిదో తెల్ల చొక్కా కాలరు మాడ్చేసింది. అన్నేళ్ల పనిలో అదే మొదటిసారి.

క్యాన్సరేనని తేలింది.

"నేను మగాణ్ణి కదా డాక్టరమ్మా?" అన్నాడు, ఇంకా ఏదైనా దారి దొరుకుతుందేమోనన్నట్టు.

"ఇది వచ్చినవాళ్లలో నూటికి ఒకరు మగవాళ్లుంటారు. సిగ్గుపడి ముదరబెట్టుకుని వస్తారు. మీరు తొందరగా రాలేదు, అలాగని మరీ మించిపోలేదు కూడా. చనుమొనతో సహా ఆ పక్క రొమ్మంతా తీసేయాలి. ముందు నీలం రంగు మందు ఎక్కిస్తాం. అది చంకలో ఏ గ్రంథికి ముందు చేరుతుందో దాన్ని తీసి పరీక్షిస్తాం. క్యాన్సర్ పాకితే మొదట అక్కడికే పాకుతుంది."

"గోడలో చెమ్మ ఎటు దిగిందో చూసినట్టా?"

"అచ్చం అంతే."

"చెయ్యి పైకి లేస్తుందా అమ్మా? నాది కుడిచేతి బతుకు."

"వ్యాయామం చేస్తే లేస్తుంది. బద్ధకిస్తే లేవదు."

ఆపరేషన్ రోజు పొద్దున భార్య మందులకి వెళ్లింది. గదిలో అక్కా తమ్ముడూ మిగిలారు.

"అక్కా, అప్పుడు నువ్వు భయపడ్డావా?"

"పడకేం? మీ బావ ముందు ఏడవలేక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. నువ్వు ఇక్కడే ఏడువు, నేను తప్ప ఎవరూ లేరు."

అంత పొడుగు మనిషీ అక్క ఒళ్లో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

చెప్పినదానికన్నా ఆలస్యమైంది. ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా వదినా మరదళ్లు ఇద్దరూ లేచి నిలబడటం, కాదని తెలిసి కూర్చోవడం. చివరికి సర్జన్ మాస్కు కిందికి లాగి, "బాగానే అయింది" అంది. భార్య ఆమె చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు.

మర్నాడు బాత్రూంలోంచి కేక వినబడింది. "ఏమే! నీలంగా వస్తోందే!"

అది ఎక్కించిన మందేనని, రెండ్రోజుల్లో పోతుందని నర్సు చెప్పింది. "మూత్రంలోనూ పెయింటేనా మహానుభావా!" అంటూ భార్య గోడకి ఆనుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

గ్రంథుల్లోకి పాకలేదు. మాత్రలు మాత్రం కొన్నేళ్లు వాడాలన్నారు. గండం గడిచిందనుకుంటుండగా సర్జన్ ఇంకో మాట చెప్పింది. అక్కకీ తమ్ముడికీ ఇద్దరికీ వచ్చింది కాబట్టి, ఇది వంశంలో దిగే రకమేమో తెలియాలంటే రక్తపరీక్ష చేయించాలంది. చేయించారు. ఆ రకమే. అతని కూతురికీ ఆ జన్యులోపం వచ్చి ఉండే అవకాశం సగానికి సగం.

కోత కన్నా ఆ మాటే అతన్ని ఎక్కువ కోసింది. ఆ పిల్ల బేకరీలో కేకులు చేస్తుంది. విషయం చెప్పగానే ఆమె మొహం ఎర్రబడింది.

"చలికాలం నుంచీ నీ గడ్డని నువ్వు దాచుకున్నావు. ఇప్పుడు నన్ను టెస్టుకి పొమ్మంటావా నాన్నా?"

కొన్ని వారాలు తండ్రితో ముక్తసరిగా మాట్లాడింది. చివరికి వెళ్లింది, అదీ మేనత్తని తోడు తీసుకుని. ఆ పిల్లకీ ఆ లోపం ఉంది.

"ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు" అని సర్జన్ విడమర్చి చెప్పింది. "ఏడాదికోసారి స్కాన్ చేయించుకోవాలి. ముందుగానే తీయించుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. తొందరేం లేదు."

కుడిచేతి వేళ్లని గోడమీద పైకి పాకించమని అతనికి వ్యాయామం చెప్పారు. పళ్లు బిగబట్టి చేశాడు. చెయ్యి తల దాటింది గానీ మునుపటంత లేవలేదు. ఇప్పుడు సీలింగు వేరేవాళ్లు చూసుకుంటున్నారు, కిందిది అతను వేస్తున్నాడు. పేరు మాత్రం నిచ్చెనే.

కూతురు మొదటిసారి స్కాన్‌కి వెళ్లిన రోజు అతనూ వెంట వెళ్లాడు. వద్దనలేదు ఆమె. లోపలికి పిలిచి చాలాసేపైంది. తర్వాత వచ్చినవాళ్లు కూడా వెళ్లిపోయారు. ఒక నర్సు ఇంకో డాక్టర్ని వెంటబెట్టుకుని అదే గదిలోకి వెళ్లింది. అతను ఆ ఆడవాళ్ల మధ్యే బెంచీ అంచు గట్టిగా పట్టుకుని, తలుపు వంకే చూస్తూ కూర్చున్నాడు.

తలుపు తెరుచుకుంది. "ఏం లేదట నాన్నా. ఒకచోట అనుమానమొచ్చి మళ్లీ చూశారు, నీటిబుడగట. మళ్లీ ఏడాదికి రమ్మన్నారు."

సరేనన్నాడు. లేవబోయాడు. మళ్లీ బెంచీమీద కూర్చుండిపోయాడు. ఆమె వచ్చి అతని పక్కనే కూర్చుంది.