దినారు దిగిన ఏడు

ఫిల్మ్ నగర్‌లో విదేశీ డబ్బు మార్చే ఆఫీసు ఒకదానిలో సుందర్ రాజు ఇరవై ఏళ్ళుగా కౌంటర్‌లో కూర్చుంటున్నాడు. నరసాపురం వైపు మనిషి. పాటలు తీయడానికి బయటి దేశాలకు బయలుదేరే సినిమా కంపెనీల ప్రొడక్షన్ మేనేజర్లు "రాజు గారూ, ఇప్పుడు ఎక్కడ చవకండీ?" అంటూ ముందు అతని దగ్గరికే వచ్చేవారు. ఏ దేశం కరెన్సీ పడిపోతే పాట ఆ దేశంలో. అన్ని దేశాల నోట్లు చేతుల్లోంచి పోయినా రాజు మాత్రం ఎన్నడూ విమానం ఎక్కలేదు.

ఎక్కింది అతని భార్య కృపమ్మ. షేక్‌పేటలో చిన్న ఫ్లాటు కొనుక్కోవాలన్న కోరికతో 2011లో కువైట్ వెళ్ళింది. అక్కడ ఒక ముసలావిడను కనిపెట్టుకుని ఉండే పని. "రెండేళ్ళేనండీ, ఇట్టే వచ్చేస్తాను" అంది. అప్పుడు దినారుకు నూట అరవై రూపాయల చిల్లర. పిల్లలు లేరు. రహమత్ నగర్ అద్దె ఇంట్లో రాజు ఒక్కడే మిగిలాడు.

సరిగ్గా ఆమె తిరిగి రావలసిన వేళకు రూపాయి కుప్పకూలింది. 2013 ఆగస్టులో దినారు రెండు వందల ముప్ఫై దాటిపోయింది. "ఇలాంటి రేటు మళ్ళీ దొరుకుతుందేంటండీ? ఇంకొక్క ఏడాది ఉంటాను" అంది ఫోన్లో. రాజు కాదనలేకపోయాడు.

ఆ ఏడాది మీద మరో ఏడాది పడింది. సాయంత్రం ఫోన్ చేస్తే ఆమె మొదటి మాట "ఇవాళ ఎంతండీ?" అతను రేటు చెప్పేవాడు. తరవాత కూరేంటి, జ్వరం తగ్గిందా. అంతటితో మాటలు అయిపోయేవి. ఆదివారం చర్చిలో రాజు తన పక్క కుర్చీలో సంచి పెట్టుకునేవాడు. ఎవరైనా వచ్చి కూర్చుంటే కృప ఎప్పుడొస్తుందని అడుగుతారని.

ఒక్కసారి మాత్రం ఆమె గొంతు హుషారుగా వినిపించింది. తను కనిపెట్టుకునే ముసలావిడను అక్కడ అందరూ 'మామా' అని, అంటే అమ్మా అని పిలుస్తారు.

"ఏవండీ, మామా పెట్టెలోంచి ఒక నోటు తీసి చూపించింది. ఎర్రగా ఉంది. మన మూడు సింహాలు, మన పది రూపాయలు! ఇక్కడికెలా వచ్చిందంటారు?"

రాజు సర్దుకుని కూర్చున్నాడు. "అరవై ఒకటి దాకా అక్కడ నడిచింది మన రూపాయే కృపా. ఆ నోట్లతో బంగారం కొని దొంగచాటుగా మన దేశానికి పంపుతున్నారని, గల్ఫ్ కోసం రిజర్వు బ్యాంకు వేరే రంగు నోట్లు వేసింది. ఆ తరవాత వాళ్ళు సొంత దినారు పెట్టుకున్నారు. అప్పుడు దినారంటే పదమూడు రూపాయల ముప్ఫై మూడు పైసలు."

"పదమూడేనా! మరి ఇంతెలా అయిందండీ?"

"వాళ్ళకు చమురు అండ ఉంది. మన రూపాయి విలువ అరవై ఆరులో ఒకసారి, తొంభై ఒకటిలో ఒకసారి తగ్గించారు. మిగతా ఏళ్ళలో దానంతట అదే దిగుతూ వచ్చింది."

"పదమూడులోనే ఉండుంటే నేనిక్కడికి వచ్చేదాన్నే కాదు కదండీ" అంది.

2017లో రూపాయి బలపడడం మొదలైంది. దినారు దిగిన రోజు రాజు ముఖం వెలిగిపోతుంటే ఆఫీసులో పక్క సీట్లోని కమలాకర్ వింతగా చూశాడు.

"ఏంది సార్, గింత ఖుషీ? మేడం ఆడనే ఉంది గదా. దినారు పడితే మీకే నష్టం."

"నష్టమేనయ్యా" అన్నాడు రాజు నవ్వుతూ. ఆ వారం వంటగదికి సున్నం వేయించాడు. కొత్త పొయ్యి కొన్నాడు. రేటు బాగా దిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు ఫోన్ చేశాడు.

"కృపా, పది రూపాయలు పడిపోయింది. ఇక అక్కడుండి లాభం లేదు. వచ్చెయ్."

"తగ్గిందా? అయితే అనుకున్న డబ్బు కూడడానికి ఇంకో ఏడాది పడుతుంది కదండీ" అంది కృపమ్మ.

పెరిగినప్పుడు ఉంటానంది. తగ్గితే ఉండాలంటోంది. కొత్త పొయ్యి వెలిగించకుండా, ఆ రాత్రి అన్నం వండకుండా రాజు పడుకుండిపోయాడు. మర్నాడు నేరుగా అడిగాడు.

"నీకు రావాలని ఉందా, లేదా?"

ఆమె అంది: "మామాకు నా చేత్తో పెడితేనే ముద్ద దిగుతుందండీ. ఇక్కడ నాకంటూ ఒక గది ఉంది. ఇన్నేళ్ళయింది, అక్కడికొచ్చి ఎలా ఉండాలో తెలీక భయమేస్తోంది."

ఆ తరవాత ఆమె రేటు అడగలేదు. అతనూ చెప్పలేదు. రెండేళ్ళకు షేక్‌పేట ఫ్లాటు కొన్నారు. గృహప్రవేశం నాడు పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే కృపమ్మ ఫోన్లో వింది. అందరూ వెళ్ళాక రాజు ఆ ఇంట్లో ఒక్కడే గదులన్నిటా లైట్లు వేసుకుని కూర్చున్నాడు.

కిందటేడు మామా పోయింది. కృపమ్మ వచ్చేసింది. ఎయిర్‌పోర్టులో రాజు ఆమెను నడకను బట్టి గుర్తుపట్టాడు. ఇంట్లో ఇద్దరూ అతిథుల్లా మసలుకున్నారు. ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆమె అడిగేది, అతను చూపించేవాడు. స్నానానికి "మీరు ముందు వెళ్ళండి", "లేదు, నువ్వు వెళ్ళు" అనుకునేవారు.

ఒక మధ్యాహ్నం రాజు కూరగాయలు తెచ్చేసరికి ఆమె ఫోన్లో మామా కూతురితో అరబ్బీలో గలగలా మాట్లాడుతోంది. పెద్దగా నవ్వింది. అంతలోనే ఏడ్చింది. ఆ నవ్వు రాజు ఏనాడూ విన్నది కాదు. ఆమె ఫోన్ పెట్టేసేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమందేంటి?"

"ఏం లేదండీ. చెప్పినా మీకు..." అని ఆగి, ఆమె అతని ముఖంలోకి చూసింది. కుర్చీ ఒకటి ఇటు లాగింది. "కూర్చోండి. మామా సంగతే. మొదట్నించీ చెప్తాను."

రాజు సంచి కింద పెట్టి కూర్చున్నాడు. ఆమె చెప్పే పేర్లు సగం అతనికి కొత్త. ఎవరెవరని మధ్యమధ్యలో అడుగుతూ విన్నాడు.