ముప్పై ఆరు చిల్లుల హబ్బు

కిరసనాయిలు వాసన ఈమధ్య ఎక్కడా తగలడం లేదు గానీ, మొన్న మదనపల్లెలో ఒక మెకానిక్ అంగడి ముందు ఆటో కోసం నిలబడితే, లోపల ఎవరో ఇనుప సామాను కడుగుతున్న ఘాటు ముక్కుకు సోకింది, సోకీ సోకగానే నాకు చిరాకు పుట్టుకొచ్చింది. చిన్ననాటి వాసన అంటే ఒకరికి మల్లెపూలు, ఇంకొకరికి తొలకరి మట్టి. నాకు మాత్రం, కొబ్బరి చిప్పలో కిరసనాయిలు పోసి, అందులో సైకిలు బేరింగు గుండ్లు వేసి, ఆదివారం పొద్దున్నుంచి అన్నాల వేళ దాకా వసారాలో కడుగుతూ కూర్చున్న మా నాయన.

డెబ్బైల్లో సంగతి, మదనపల్లెలోనే ఉండేవాళ్ళం. అమ్మకు కురబలకోట అవతల ఒక పల్లె బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది, ఇంకా పర్మనెంటు కాలేదు. బస్సు పెద్దరోడ్డు మీద దింపిపోతే అక్కడి నుంచి నడక. వేరుశనగ చేల నడుమ గొర్రెల మందలు అడ్డం పడే మట్టి దారి, మధ్యలో నిటారుగా ఒక మిట్ట. బస్సు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. ఆలస్యమైనందుకు హెడ్మాస్టరు మొదట నోటితో చెప్పాడు, తర్వాత మెమో ఇచ్చాడు. ఇంటి నుంచే సైకిలు మీద పోతానని అమ్మ అడిగింది. కరెంటాఫీసులో గుమాస్తాగా ఉన్న నాయన సరేనన్నాడు. మా కష్టాలు ఆ సరే దగ్గరే మొదలయ్యాయి.

అంగట్లో బిగించి పెట్టిన సైకిలు కొనడమంటే పళ్ళు చూడకుండా గొర్రెను తోలుకొచ్చినట్టేనని నాయన వాదన. ఏ భాగానికి ఆ భాగం ఏరి తెచ్చి తానే కట్టిస్తానన్నాడు. ఆడవాళ్ళ సైకిలు చట్రం ఒకటి మదనపల్లెలోనే దొరికితే దానికి రెండుసార్లు రంగు వేయించి, రెండోది మొదటిదాని కంటే అధ్వాన్నంగా ఉందని నెల రోజులు బాధపడ్డాడు. హ్యాండిలు వసారా మేకుకు వేలాడుతూ మా తువ్వాళ్ళు మోసేది. పుంగనూరులో ఖాదర్ సాయిబు అంగట్లో కొన్న రిమ్ములు గోడకెక్కి బల్లులకు కాపురమయ్యాయి. స్పోకు పుల్లలు దుమ్ము పట్టిపోతుంటే అమ్మ ఒకటి తీసుకుని, సంగటిలోకి పచ్చడి చేసేటప్పుడు వంకాయ గుచ్చి నిప్పుల మీద కాల్చేది. మామిడికాయల కాలం పోయి చింతపండు కొట్టే కాలం వచ్చింది, ఉగాదికి ఓళిగలు తిన్నాం, సైకిలు మాత్రం గోడ మీదా మంచం కిందా విడివిడిగానే ఉండేది.

అన్నిటికీ అడ్డం వెనక చక్రం నడుమ పుల్లలన్నీ తగిలించే హబ్బు. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు పట్టదని, ఆ మిట్ట దిగేటప్పుడు అమ్మ పడుతుందని నాయన భయం. పెడలును వెనక్కి తొక్కితే బ్రేకు పడే హబ్బులుంటాయట, బ్రేకు లోపలే ఉండటంతో వాన తగలదట. బెంగుళూరు మద్రాసు రైలు దారిలో ఉంది కాబట్టి కుప్పంలో అలాంటిది దొరుకుతుందని ఎవరో చెప్పారు. ఎండాకాలం సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. పుంగనూరు, పలమనేరు, బస్సు మీద బస్సు, పట్టుగూళ్ళ గంపల పక్కన ఇరుక్కుని ప్రయాణం. కుప్పంలో తమిళమూ కన్నడమూ కలిసిన తెలుగు మాట్లాడే అంగడాయన తన దగ్గరున్న హబ్బులన్నీ పరిచాడు. నాయన ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. నాకు ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి.

"సూడు పాపా, గింజంత గరుకు కూడా లేదు," అన్నాడు చివరికి ఒకదాన్ని నా చెవికి ఆనించి.

తిరుగు ప్రయాణంలో నాకు వాంతి వస్తే ఆయన ముందు పక్కకు తప్పించింది హబ్బునే.

ఇంటికొచ్చి చక్రం అల్లడానికి కూర్చుంటే తేలింది. హబ్బుకు ముప్పై ఆరు చిల్లులు, గోడ మీది రిమ్ముకు నలభై. ఎటు తిప్పి అల్లినా నాలుగు చిల్లులు నోళ్ళు తెరుచుకుని మిగిలాయి. ముప్పై ఆరుది బెంగుళూరులో దొరకకపోదన్నాడు నాయన. వానలు మొదలయ్యాక రెండో మెమో వచ్చింది.

ఆ ఆదివారం అమ్మ రిమ్ములు దించి, తువ్వాళ్ళు తీసి హ్యాండిలు దులిపి, అన్నీ గోనెసంచిలో వేసింది. చట్రం నా చేత పట్టించింది. యాడికని నాయన అడిగితే పుంగనూరికని చెప్పి బస్సెక్కింది. ఏ హబ్బు కావాలని ఖాదర్ సాయిబు అడిగాడు.

"అందరికీ ఇచ్చేదే ఇయ్యప్పా. తిరిగితే సాలు," అంది అమ్మ.

అది టిక్కుటిక్కుమంటుందని ఆయన ముందే చెప్పాడు. అననీ అంది. సాయంత్రానికి సైకిలు బస్సు మీదెక్కి మాతో పాటు ఇంటికొచ్చింది. వాయల్పాడులో చిన్నప్పుడు అన్న సైకిలు తొక్కిన అలవాటు అమ్మకు పోలేదు. సోమవారం కొంగు బిగించి వెళ్ళిపోయింది. నాయన వసారాలోకి రాలేదు, నాతోనూ మాట్లాడలేదు, చట్రం పట్టుకున్నందుకు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. నాయన గొడుగు తీసుకుని, నన్నూ లాక్కుని, బస్సు దిగి బురదలో ఆ మిట్ట కింద నిలబడ్డాడు. కాసేపటికి అమ్మ పైన కనబడింది. కాళ్ళు కదపకుండా కూర్చుని దిగుతోంది. వానలో టిక్కుటిక్కు వినబడుతోంది. మమ్మల్ని చూసి బ్రేకు నొక్కింది గానీ సైకిలు ఆగలేదు. మమ్మల్ని దాటి, కింద వంక ఇసుకలో కూరుకుని నిలిచింది. నాయన గొడుగు పడేసి పరుగెత్తాడు.

"ఆ హబ్బయ్యుంటే ఈడనే ఆగుండేది," అన్నాడు రొప్పుతూ.

"ఆ హబ్బయ్యుంటే నేనింకా బస్సు కోసరమే నిలబడుంటాను," అంది అమ్మ.

ఆయన తలగుడ్డ విప్పి ముందు అమ్మ ముఖం తుడుచుకోమని ఇచ్చి, తర్వాత దాంతోనే వెనక రిమ్ము చుట్టూ తుడిచాడు. ముగ్గురం తడుస్తూ సైకిలు తోసుకుంటూ నడిచాం. దారి పొడవునా బ్రేకు రబ్బర్ల గురించే చెప్పాడు. అమ్మ ఊ కొట్టింది.

ఆ సైకిలు మీదే అమ్మ పర్మనెంటయింది. రబ్బర్లు మాత్రం ప్రతి వానకారుకూ ముందే నాయన మార్చేవాడు. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. పుంగనూరు అంగడి చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పోయిన ఏడు బస్సులో ఆ పల్లె మీదుగా వెళ్ళాను. మిట్టను తవ్వేసి తారు పరిచారు. ఇక్కడే మా అమ్మ కాళ్ళు కదపకుండా దిగేదని పక్క సీటావిడకు చూపిద్దామంటే, దిగడానికి అక్కడ ఏమీ లేదు.