కదలని కొంగ

బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున, సరుగుడు తోటల వెనక పొదల్లో చలికాలం పక్షులు బాగా దిగుతాయని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. బడిపంతులు జీతంలో మిగిల్చుకుని డిజిటల్ కెమెరా కొన్నాను మరి! ఓ ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకి తెనాలిలో బండెక్కాను. వెంట కరీం భాయ్. మా వీధి దర్జీ. ముప్పై ఏళ్లుగా నా చొక్కాలన్నీ ఆయన కుట్టినవే.

ఏడింటికల్లా బాపట్ల. స్టేషను బయట ఇడ్లీ తిని, ఆటోలో సూర్యలంక దాకా వెళ్లి, ఇసుకలో అరగంట నడిచాం. పొదలు దాటగానే ఉప్పునీటి మడుగు. దాని అంచున తెల్ల కొంగ, పదడుగుల దూరంలో! కొంగంటే మన నీడ పడినా లేచిపోయే రకం. ఇది రెక్క కూడా కదపలేదు.

"అదృష్టం మాస్టారూ, పెళ్లికూతురిలా నిలబడింది," అన్నాడు కరీం భాయ్.

అరవై ఫొటోలు తీశాను. మేం పొద చాటుకి జరిగాక, దాన్ని చూసి మరో నాలుగు కొంగలు పక్కన దిగాయి. ఇక నా ఆనందం చెప్పొద్దు.

తొమ్మిదిన్నరకి కాస్త ఎడంగా నీడన కూర్చుని, కెమెరా తెర మీద బొమ్మ పెద్దది చేశాను. కన్ను లేదు! కన్ను ఉండాల్సిన చోట నల్లటి గీత. కరీం భాయ్ కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"ఇది కుట్టు మాస్టారూ. రెప్పలు కలిపి కుట్టేశారు."

పరుగున వెళ్లాం. ఆ నాలుగు కొంగలూ అప్పటికే వలలో పడ్డాయి. తాటాకు చాటు నుంచి వచ్చిన మనిషి వాటిని బుట్టలో వేస్తున్నాడు.

"ఏంటయ్యా ఈ పని? మనిషివేనా నువ్వు?" అని అరిచాను.

"చూపుంటే బెదురుతుందండి. ఇది కుదురుగా నిలబడితేనే మిగతావి దిగుతాయండి," అన్నాడు, నేను పిల్లలకి లెక్క చెప్పినంత నిదానంగా.

నేను బుట్ట మూత లాగేశాను. నాలుగూ ఎగిరిపోయాయి. అతను అడ్డు రాలేదు. కరీం భాయ్ జేబులోంచి దారాలు తుంచే చిన్న కత్తెర తీశాడు. కొంగను ఒళ్లో పెట్టుకుని ఒక్కో పోగే కత్తిరించాడు. రెండు పసుప్పచ్చ కళ్లు తెరుచుకున్నాయి. కాలి తాడు కూడా విప్పాడు.

"పోవే తల్లీ, పో."

ఆ మనిషి దగ్గాడు. ఆ చప్పుడు వినగానే కొంగ నడుచుకుంటూ వెళ్లి, అతని కాళ్ల దగ్గర నిలబడి నోరు తెరిచింది.

"రోజూ నేనే చేపపిల్లలు పెడతానండి," అన్నాడు తల దించుకుని.

దాన్ని మడుగు అవతల వదిలాం. మళ్లీ నడిచొచ్చింది. ఫారెస్టు ఆఫీసుకి వెళితే ఆదివారం, తాళం. ఏం చేయాలో తోచక, సిగ్గుతో మధ్యాహ్నం రెండింటి పాసింజరు ఎక్కాం.

ఎదురుగా రేపల్లె వెళ్లే ఒకావిడ ఫొటో చూపించమంది. "ఎంత ముద్దుగా నిలబడిందో అన్నయ్యగారూ! పెద్దది చేయించి గోడకి పెట్టుకోండి." నేను కెమెరా కట్టేశాను. మీరెవరైనా అటు వెళితే, కదలని పక్షిని చూసి నాలా మురిసిపోకండి. ముందు దాని కళ్లు చూడండి.

తెనాలి దగ్గర పడుతుండగా కరీం భాయ్ జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పాడు. సూది.

"తాటాకుకి గుచ్చి ఉంది మాస్టారూ, తెచ్చేశాను."

"బతికించావు భాయ్," అన్నాను.

ఆయన సూదినే చూస్తూ కూర్చున్నాడు. బండి ఆగాక, దిగుతూ అన్నాడు: "సూదిదేముంది మాస్టారూ? రేపు ఏ కొట్లో అడిగినా ఇస్తారు."