పళ్ళెంలో నూక

నా భార్య మంగళవారం పోయింది. టైఫాయిడు. ఆ ఉదయం జ్వరం కాస్త తగ్గినట్టే ఉంది. రెండు గుక్కలు బార్లీ నీళ్ళు తాగింది. పెరట్లో డ్రైవరు మా బస్సు వెనక ఇరుసులోని నూనె దించుతున్నాడు. ఆ అలికిడి గుర్తుపట్టి, ఆ నూనె పళ్ళెంలో పోసి తెమ్మంది. తెచ్చి మంచం పక్కన పట్టుకున్నాను. నూనెలో వేలు ముంచి బొటనవేలితో రాసి చూసింది.

"నూకండీ. బండి తియ్యకండి," అంది.

మధ్యాహ్నం కడుపులో నొప్పి మొదలైంది. పేగుకు చిల్లి పడిందన్నారు డాక్టరుగారు. పొద్దు వాలకముందే పోయింది.

ఆమె మాట చదివేవారికి తెలియాలంటే కొంత చెప్పాలి. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ మధ్య నడిచే బస్సు మాది. వెనక ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అనే పెట్టె ఉంటుంది. అందులో పళ్ళచక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయి. అవి అరిగినా విరిగినా ఆ ఇనుము నూనెలోకే దిగుతుంది.

ఆమె కొల్లేటి ఒడ్డున వరి పండించే ఇంట పుట్టింది. చేట పడితే బియ్యంలో రాయి ఆమె చేయి దాటేది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే, దించిన నూనెను తెల్ల పింగాణీ పళ్ళెంలో పోయించి, ఎండకు వంచి చూసింది. తరువాత అది ఆమె పనే అయింది. బూడిదరంగు మెరుపు మెత్తగా కనిపిస్తే కొత్త నూనె పోయించి బండి పంపేది. వేలికి ముక్క తగిలితే ఆపేది. "పిండి అయితే అరిగింది, నూక అయితే విరిగింది" అనేది.

"బండికి జ్వరం కూడా చూస్తారేంటండీ అమ్మగారూ?" అని డ్రైవరు నవ్వేవాడు.

"చూడొద్దేంటయ్యా? నీకొస్తే వీధంతా వినబడేలా మూలుగుతావు. దానికి నోరేదీ?"

ఒకసారి పెళ్ళివారి ప్రయాణం ఆపేసింది. మగపెళ్ళివారంతా వాకిట్లో నిలబడి ఉన్నారు. "ముహూర్తం దాటిపోతోందండీ, ఆడవారి మాటకి బండి ఆపుతారేంటండీ!" అని పెళ్ళికొడుకు తండ్రి నా మీద కేకలేశాడు. వాళ్ళు స్టేషనుకు పరుగెత్తారు. పెట్టె విప్పితే పళ్ళన్నీ బాగానే ఉన్నాయి. ఆమె వేలికి తగిలిన నూక, పళ్ళెం తోమినప్పుడు మిగిలిన ఇసుక రేణువు.

ఆ పూట ఆమె అన్నం తినలేదు. సాయంత్రం మాత్రం, "నా తోముడే నన్ను ముంచిందండీ," అని నవ్వింది. అప్పటినుంచి ఆ పళ్ళేనికి ఇసుక తగలనివ్వలేదు. పాత ఇంజను మాగ్నెటోలోని అయస్కాంతం తీయించి దగ్గర పెట్టుకుంది. అంటుకుంటే ఇనుము, లేకపోతే ఇసుక. మరుసటి వేసవిలో ఒక ముక్క అంటుకుంది. విప్పితే ఒక పన్ను సగానికి విరిగి ఉంది. జనం ఎక్కి కూర్చున్న బస్సును ఆమె ఆ రోజు ఖాళీ చేయించింది. వాళ్ళలో చాలామంది విసుక్కున్నారు. ఆమె మజ్జిగ ఇచ్చి పంపింది.

మంగళవారం అయస్కాంతం పెట్టి చూడలేదు. ఇంటికి జనం వచ్చారు. పళ్ళెం ఎవరో కడిగేశారు. నూనె కాలవలో పోసేశారు.

నిన్న డ్రైవరు వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"అమ్మగారు జ్వరంలో ఉన్నారు కదండీ. చేతికి తెలిసుండదండీ. గూడెం సంతకి జనం కాసుక్కూచున్నారండీ."

"బండి మూలుగుతోందా?"

"కొత్త నూనె పోసి పెరట్లోనే తిప్పి చూశానండీ. కొంచెం మూలుగుతోందండీ. అది ఎప్పుడూ ఉండేదే కదండీ."

ఆ కొంచెం ఎప్పుడూ ఉండేదో కాదో నాకు తెలియదు. అతనికీ తెలియదు. ఆమె వేలికి తగిలింది ఇనుమో, జ్వరమో చెప్పగలిగిన మనిషి లేదు. ఆ బస్సులో ముప్పై మంది ఎక్కుతారు. కాలవగట్టు మీద పోవాలి.

బంధువులు కర్మ అయ్యేదాకా ఇనుము ముట్టుకోవద్దంటున్నారు. రేపు ఉదయం మేస్త్రీని పిలిచి డిఫరెన్షియల్ విప్పిస్తాను. ఒక్కొక్క పన్నూ నా చేత్తో తుడిచి చూస్తాను. అన్నీ నిండుగా ఉంటే, మళ్ళీ మొదటినుంచి చూస్తాను.