జెండాల గడ్డ మీద ఐలయ్య మంద

మెదక్‌లో కుర్మ ఐలయ్య ఎవరని అడిగితే తలా ఒకరిని చూపించేవారు. ఆ పేరు వాళ్లు అంతమంది ఉండేవారు. జెండాల ఐలయ్య ఎవరని అడిగితే మాత్రం ఎవరైనా సరే చెయ్యెత్తి ఊరి పడమటి దిక్కు చూపించేవారు. జెండాలంటే పార్టీ జెండాలు కావు, దర్గా జెండాలూ కావు. దొరల బంతాటలో బంతి పడే బొక్క ఎక్కడుందో దూరానికి తెలియడానికి పాతిన జెండాలు. ఆ ఆట ఐలయ్య జన్మలో ఆడలేదు. ఆ ఆట ఆడే నేల మీద ఆయన గొర్రెలు మేసేవి, అంతే.

పాపన్నపేట బాట పట్టి కొంత దూరం పోతే, వాగు ఏనాడో దారి మార్చుకుని వదిలేసిపోయిన ఇసుక నేల ఒకటి ఉండేది. ఎగుడు దిగుడు దిబ్బలు, వాటి నడుమ గుంటలు. జొన్న మొలవదు. ఆముదం సైతం మొహం మాడ్చుకుని మొలిచేది. సన్నగరిక ఒక్కటే నేలను కరుచుకుని బతికేది. అందుకే ఏ పట్టాదారూ దాని వంక కన్నెత్తి చూడలేదు. ఐలయ్య తాత నాటి నుంచి అక్కడ వాళ్ల మందే మేసింది. ఎండాకాలం వడగాలికీ, చలికాలం ఈదురుగాలికీ తాళలేక గొర్రెలు దిబ్బల చాటున ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకునేవి. ఏళ్ల తరబడి అట్లా పడుకోగా పడుకోగా ఆ చోట్ల గడ్డి పోయి, ఇసుక తేలి, గుంటలు పడ్డాయి. ఒక గుంట లోతు, ఒకటి వెడల్పు, ఒకటి చేట లాగా ఓ పక్కకు ఒరిగి ఉండేది.

చెరువు కట్టల మరమ్మతుకని వచ్చిన ఒక ఇంజనీరు దొర ఒకనాడు గుర్రం మీద పోతూ ఆ నేలను చూసి దిగిపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని అరచేత్తో నిమిరాడు. దొరకు ఎండదెబ్బ తగిలిందేమోనని ఐలయ్య నీళ్ల బుర్ర పట్టుకుని ఉరికాడు కూడా. దొరది స్కాట్లాండు. వాళ్ల దేశంలో సముద్రపు ఒడ్డున ఇట్లాంటి ఇసుక దిబ్బల మీదే, గొర్రెలు మేసే చోటే ఈ ఆట పుట్టిందట. సముద్రం లేని మెదక్‌లో ఆ నేల దొరికేసరికి ఆయనకు పుట్టింటికి పోయినట్టు అయింది.

ఆ దొర ఒక్క తట్ట మట్టి తీయించలేదు, ఒక్క తట్ట పోయించలేదు. దిబ్బలు ఉన్నచోటే ఉన్నాయి. గొర్రెలు తొలిచిన గుంటలే బంతిని పట్టుకునే గుంటలయ్యాయి. అక్కడక్కడ బొక్కలు తీసి ఎర్ర జెండాలు పాతించాడు. పని అయిపోయింది! బంతి నేల మీద పడి, గాలి తోసినట్టు, దిబ్బ తిప్పినట్టు ఉరికేది. ఒకనాడు పోయిన దారిన ఇంకోనాడు పోయేది కాదు. ఆడేవాళ్లు తిట్టుకుంటూ ఆడేవారు, తెల్లవారగానే మళ్లీ వచ్చేవారు.

దొర వచ్చీరాని తెలుగులో ఐలయ్యతో ఒప్పందం చేసుకున్నాడు.

"ఐలయ్య, నీ గొర్రె నా మాలి. గడ్డి తినాలి, పొట్టి ఉంచాలి. పగలు మేత ఎంతైనా. రాత్రి మంద ఇక్కడ పెట్టకూడదు."

"ఎందుకు దొరా?"

"ఎరువు పడితే గడ్డి లావు అవుతుంది. లావు అయితే బంతి ఆగుతుంది. నా బంతి పరుగెత్తాలి."

ఐలయ్య నోరు తెరిచాడు. రాత్రిపూట పొలంలో గొర్రెల మందను ఆపితే ఆ పెంటకు ఏడాది పంట పండుతుంది. పాపన్నపేట రైతులు వడ్ల గంపలు పట్టుకుని వచ్చి, "ఐలన్నా, ఈసారి మా మడిల మంద పెట్టే" అని గడ్డం పట్టుకుని బతిమాలేవారు. ఈ దొర చూడబోతే ఊరికే పెడతానన్నా వద్దంటాడు. పిలిచి పిల్లనిస్తానంటే కులం తక్కువ అన్నాడట వెనకటికి ఒకడు! ఐలయ్య నవ్వుకున్నాడు కానీ మాట తప్పలేదు. దొర ఉన్నన్నాళ్లూ పొద్దుగూకగానే మందను ఇంటికి తోలుకుపోయాడు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు దొర దేశం వెళ్లిపోయాడు. ఆయన పోయాకే కాలం చెడింది. అటు కమ్యూనిస్టుల సంఘం, ఇటు రజాకార్లు, నడుమ పోలీసు క్యాంపులు. పగలు ఒక తుపాకి, చీకటి పడితే ఇంకో తుపాకి. ఏ తుపాకికైనా ఆకలి ఒకటే, ఆకలికి అందరికంటే ముందు కనపడేది గొర్రెల కాపరి. శివ్వంపేట దిక్కు మందలకు మందలే మాయమైపోతున్నాయని సంతలో చెప్పుకునేవారు. ఐలయ్య మందకు మాత్రం వెంట్రుక వంకర పోలేదు. కారణం జెండాల గడ్డే. అది సర్కారు అధికారులు ఆడుకునే చోటు, అక్కడ అడుగుపెట్టి గొర్రెను పట్టుకుపోయే ధైర్యం క్యాంపు వాళ్లకూ లేదు. ఆ గడ్డ మీద ఉన్నంతసేపు మంద క్షేమం. అది దాటితే కులదేవుడు బీరప్పే దిక్కు. ఈ సంగతి ఐలయ్యకు తెలుసు, ఆయన పెళ్లాం శివమ్మకు ఇంకా బాగా తెలుసు.

ఆ ఆడే అధికారుల క్లబ్బుకు వచ్చిన కొత్త సెక్రటరీని అందరూ నాయబ్ సాబ్ అనేవారు. మనిషి మంచివాడే, తోటలంటే ప్రాణం. ప్రాణం ఉంటే తన ఇంటి పెరట్లో పెట్టుకోవచ్చు కదా! ఆయనకు జెండాల గడ్డను చూస్తే సిగ్గేసింది. ఇదేం మైదానం, గుంటలు, ఇసుక, గొర్రె పెంటికలు? ముందు జెండాలు మార్చాడు. ఎర్ర జెండాలు చూసి కొత్తగా వచ్చిన జమేదారు సంఘం వాళ్లు పాతారనుకుని ఐలయ్యను ఠాణాలో ఒక పూట కూర్చోబెట్టాడు మరి. పసుపు జెండాలు వచ్చాయి. తర్వాత దిబ్బలు చెక్కించాడు. గుంటలు పూడ్పించాడు. గాలికి అడ్డంగా కానుగ మొక్కలు వరసగా పెట్టించాడు. మోట కట్టించి నీళ్లు పారించాడు. ఇంత చేసినా గరిక సన్నగరికే. బోడిగుండు మీద వెంట్రుకల్లాగా అక్కడక్కడ నిలబడింది. ఆ కోపం గొర్రెల మీదికి మళ్లింది.

క్లబ్బు మాలి పేతురును వెంటబెట్టుకుని వచ్చి చెప్పాడు. "ఐలయ్యా, గొర్లు బంద్. గడ్డి మొత్తం గివే తింటున్నయి."

ఆ గడ్డ దాటిస్తే మంద వారం బతకదని ఐలయ్యకు తెలుసు.

"సాబ్, నీ కాల్మొక్త. గొర్లు తినవట్టి గడ్డి రాకపోవుడు గాదు సాబ్, ఈ నేలల బలం లేదు. జర నా మాట ఇనుండ్రి. ఈ ఎండకాలం మొత్తం మంద ఈడనే పెడ్త. రైతులు బతిమాలినా పోను. నాకేం ఇయ్యొద్దు. వానలు పడ్డంక చూడుండ్రి, గడ్డి రాకపోతే నన్ను అడుగుండ్రి."

నాయబ్ సాబ్ పేతురు వైపు చూశాడు. పేతురు మిషన్ తోటలో పని నేర్చినవాడు. "వస్తది సాబ్, మస్తు వస్తది" అన్నాడు, అబద్ధం చెప్పలేక.

ఆ మాట విని ఇంట్లో శివమ్మ చేటను కింద పడేసింది. "దొర వద్దన్నడు గదనయ్యా?"

"దొర పోయిండు. దొరకేం తెలుసే పెంట ఇలువ? గడ్డి మంచిగొస్తే సాబ్ ఖుష్ అయితడు. సాబ్ ఖుష్ అయితే మన జీవాలు ఆడనే ఉంటయి."

"ఏమో! పచ్చగున్నకాడికి మనల్ని ఎవడు రానిచ్చిండు?"

"నీ నోట్ల మన్నువడ. మంచి మాట రాదు గదా నీ నోటికి!"

ఆ ఎండాకాలం ఐలయ్య తన కష్టంలో ఏ లోటూ చేయలేదు. తడికెలు కట్టి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, ఒక్క చెయ్యెడు నేల కూడా వదలకుండా మందను జరుపుతూ పోయాడు. దేవుడికి పెట్టే నైవేద్యమైనా అంత శ్రద్ధగా పెట్టి ఉండడు. మృగశిర చినుకులు పడ్డాయి. తర్వాత గట్టి వానలు పట్టాయి. ఇక చూడాలి ఆ గడ్డ! వరినారు పోసినట్టు లేచింది. సన్నగరికను మింగేసి ఎక్కడెక్కడి గడ్డో దట్టంగా కమ్మింది. అడుగు పెడితే మడమ మునిగేది. ఐలయ్య దాన్ని చూసి మీసం దువ్వుకున్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు, ఎందుకు పడడు? అది తన మంద చేసిన పని.

ఆట మాత్రం చచ్చిపోయింది. బంతి ఎక్కడ పడితే అక్కడే, బురదలో గేదె లాగా. గాలి లేదు, కానుగలు ఆపాయి. ఉరికే నేల లేదు, దొర్లించే దిబ్బ లేదు. ఇదివరకు బంతి తన ఇష్టమొచ్చినట్టు పోయేది, ఇప్పుడు చెప్పినచోటే కూర్చుంటోంది, ఇంకెందుకు రావడమని ముసలి మున్సబు ఒకాయన కర్రల సంచి ఇంట్లో పెట్టేశాడు. మిగిలినవాళ్లు ఆట మానేసి గడ్డి మీద కుర్చీలు వేసుకుని చాయ్ తాగడం మొదలుపెట్టారు. నాయబ్ సాబ్‌కు కావలసింది కూడా అదే. ఎంత బాగుందో అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ ఒకనాడు గడ్డిలో తలలు ముంచి మేస్తున్న గొర్రెలను చూశాడు.

"గింత మంచి గడ్డిని గొర్లకు తినిపిస్తరా ఎవరన్నా? రేపటి నుంచి బంద్."

ఐలయ్య కాళ్లు పట్టుకున్నాడు. ఆ గడ్డి ఎవరి వల్ల వచ్చిందో చెప్పాడు. నాయబ్ సాబ్ కాదనలేదు. "నీ పని నువ్వు మంచిగ చేసినవ్, షాబాష్" అన్నాడు, అని వెళ్లిపోయాడు. ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న!

పేతురు కంచె తలుపు మూస్తూ, "గొర్రె కసాయోన్నే నమ్ముతదంటరు ఐలన్నా. గొర్లోడు గూడ గంతేనా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, అతని కళ్లల్లో నీళ్లున్నాయి.

శివమ్మ అన్నట్టే అయింది. మంద గడ్డ దాటిన కొద్ది రోజులకే క్యాంపు వాళ్లు వాగులో అడ్డం వచ్చి సగానికి పైగా తోలుకుపోయారు. ఇంకోసారి వచ్చి మరికొన్ని పట్టుకుపోయింది ఎవరో, పగటివాళ్లో చీకటివాళ్లో కూడా తెలియదు. మిగిలిన వాటిని దాచుకునే చోటు లేక, ఉంటే మనిషి ప్రాణానికే మోసమని భయపడి, రేగోడ్ సంతలో అడిగినవాడికి అడిగినంతకు ఇచ్చేసి వచ్చాడు. తాత ముత్తాతల నాటి మంద ఒక్క వానాకాలంలో కరిగిపోయింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఐలయ్య పసిపిల్లవాడి లాగా ఏడ్చాడు. శివమ్మ, నేను చెప్పలేదా అనే మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ నొప్పి పెట్టింది. ఆ తర్వాత పాపన్నపేట మళ్లలో కూలికి పోవడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు పోలీస్ యాక్షన్ వచ్చింది. నాయబ్ సాబ్ సామాను కట్టుకుని పట్నం పోయాడు. జెండాల గడ్డ మిలిటరీ మేజర్ ఒకాయన చేతికి వచ్చింది. ఆయన ఇంజనీరు దొరతో ఎక్కడో ఆడినవాడట, మెదక్ గడ్డ గురించి విని ఆశగా కర్రలు పట్టుకుని వచ్చాడు. వచ్చి చూస్తే పరుపు లాంటి గడ్డి. తల పట్టుకున్నాడు. జవాన్లను పెట్టి కానుగలు కొట్టించాడు. పూడ్చిన గుంటలు మళ్లీ తవ్వించాడు. కానీ ఆ గుంటలు ఎక్కడుండేవో ఎవరికి గుర్తు? కొలిచి, ఒకే తీరుగా, ఒకే లోతుగా తవ్వారు. చూస్తే వరసగా పాతర్లు తీసినట్టుంది. మేజర్ రెండు రోజులు ఆడి, ఇది అది కాదన్నాడు. ఈ గడ్డి బక్కచిక్కాలి, గొర్రెలు కావాలి, దొర నాటి గొర్రెలవాడు ఎక్కడున్నాడని అడిగాడు.

పేతురు వచ్చి ఐలయ్యను పిలుచుకుపోయాడు. దారిలో సంగతి చెప్పబోతే, "నేను మాట్లాడుకుంట" అన్నాడు ఐలయ్య. మేజర్ ఆయన భుజం తట్టి, రేపటి నుంచి మందను తోలుకురమ్మన్నాడు. పగలు ఎంత మేసినా అడ్డం లేదు, ఎవరూ వెళ్లగొట్టరు, తనది హామీ అన్నాడు. బీరప్ప మీద ఆన, ఏడాది కింద ఆ మాట వింటే ఐలయ్య ఆయనకు గొర్రెపోతును కోసి పండుగ చేసి ఉండేవాడు. మంద లేదని చెప్పడానికి కుర్మవాడికి నోరు రాదు, ఇంట్లో పొయ్యి లేదని చెప్పినట్టు ఉంటుంది.

"అట్లనే సాబ్, పొద్దుగాల వస్త" అని వచ్చేశాడు.

ఇంటికి రాగానే శివమ్మ అడిగింది. "మిల్ట్రీ సాబ్ ఏమన్నడు?"

"గొర్లను తోలుకరమ్మన్నడు. ఎవ్వలు ఎళ్లగొట్టరట."

"ఏ గొర్లను?"

ఐలయ్య గొంగడి మీద పడుకున్నాడు కానీ కన్ను మూయలేదు.

పొద్దున్నే మేజర్ గడ్డ మీదికి వచ్చేసరికి ఐలయ్య ఒక్కడే ఉన్నాడు. మొదటి జెండా దగ్గర కూర్చుని కొడవలితో గడ్డి కోస్తున్నాడు. మోకు పక్కన పడేసి ఉంది. మంద ఏదని మేజర్ అడిగాడు.

"గొర్లు లెవ్వు సాబ్" అన్నాడు ఐలయ్య, కొడవలి ఆపకుండానే. "గడ్డి వాటిదే. నేను కోస్త."